దెయ్యం పోస్టర్ చూసి జనం ఎందుకు నవ్వారు: "మూడో మెట్టు" పోస్టర్ గురించి

తమ్ముడు గారూ, మీరు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకి అర్థమవ్వాలి కదా. కోనసీమలో కాలువ పక్క ఊళ్లో మీరు నలభై నిమిషాల దెయ్యం సినిమా తీశారు. పేరు "మూడో మెట్టు". సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చిన మనవడికి, చీకటి పడ్డాక రేవులో మూడో మెట్టు దాటి దిగొద్దని అమ్మమ్మ చెప్తుంది. వాడు దిగుతాడు. పోస్టర్ చేయించి స్నేహితులకి పంపితే ఇద్దరు నవ్వారు, ఒకాయన "కామెడీ సినిమానా?" అని అడిగాడు. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పమన్నారు.

నాది పాలకొల్లు వైపు. పదిహేనేళ్ల వయసులో బ్యానర్లు వేసే మేస్త్రి గారి దగ్గర రంగులు కలపడానికి చేరాను. తర్వాత వాల్ పోస్టర్లు, తర్వాత ఫ్లెక్సీలు, ఇప్పుడు ఫొటోషాప్. మా వైపు ఈ పనికి పెద్ద గౌరవమే ఉంది లెండి. 1967లో "సాక్షి"తో మొదలుపెట్టి వేల సినిమాలకి పబ్లిసిటీ చేసిన ఈశ్వర్ గారిది పాలకొల్లే. ఆ సినిమా తీసిన బాపు గారు నరసాపురంలో పుట్టారు. అందుకని పోస్టర్ గురించి ఎవరైనా అడిగితే నాకు ఊరుకోబుద్ధి కాదు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మీ పోస్టర్‌ని ముందు ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి చూశాను. తర్వాత కళ్లు సగం మూసి చూశాను. ఈ రెండూ మా మేస్త్రి గారి పరీక్షలే. అప్పట్లో ఫోన్లు లేవు కాబట్టి ఆయన రోడ్డు అవతలికి వెళ్లి నిలబడేవారు. కళ్లు సగం మూస్తే చిన్న చిన్న వివరాలు పోయి, వెలుగూ చీకటీ ముద్దలుగా మిగులుతాయి. ఆ ముద్దల్లోనే బొమ్మ నిలబడాలి. మీ దాంట్లో నాకు నల్లటి మడుగు మీద అయిదారు బూడిద మచ్చలు కనిపించాయి. ఏది ముందు చూడాలో తెలియలేదు.

తర్వాత పూర్తిగా తెరిచి లెక్కపెట్టాను. మధ్యలో తెల్లచీర, ముఖం మీద జుట్టు వేసుకున్న అమ్మాయి. వెనక పాత బంగ్లా. పైన ఎర్ర చందమామ. ఎడమ పక్క నోరు తెరిచి టార్చ్ పట్టుకున్న కుర్రాడు. కుడి పక్క అమ్మమ్మ. నీళ్లలోంచి లేస్తున్న చెయ్యి. తాటిచెట్టు మీద గుడ్లగూబ. మూలన పుర్రె. కింద రక్తం కారుతున్న ఎర్ర టైటిల్. తొమ్మిది. ఒక్కొక్కటీ "నన్ను చూసి భయపడు" అంటోంది. తొమ్మిది మంది ఒకేసారి అరిస్తే సంతలో ఉన్నట్టు ఉంటుంది గానీ భయం వెయ్యదు.

ఇక్కడ నేను నమ్మే మాట ఒకటి చెప్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పోస్టర్‌ని జనం రెండుసార్లు చూస్తారు. బండి మీద వెళ్తూ ఒకసారి, టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి ఇంకోసారి. మామూలు సినిమా పోస్టర్ మొదటి చూపులోనే అంతా చెప్పేయాలి. దెయ్యం సినిమా పోస్టర్ మాత్రం మొదటి చూపులో తెలిసిన చోటులా ఉండి, రెండో చూపులో ఒక్క తేడా చూపించాలి. ఒక్కటే. ఆ తేడాని చూసేవాడు తనంతట తను కనిపెట్టాలి. మనం చూపిస్తే "ఓహో" అంటాడు. వాడే పట్టుకుంటే టీ చల్లారిపోతుంది.

ఈ మాటకి ప్రపంచమంతా తెలిసిన సాక్ష్యం "ది ఎగ్జార్సిస్ట్" పోస్టర్. 1973 చివర్లో వచ్చిన సినిమా, పోస్టర్ చేసింది బిల్ గోల్డ్. ఆ సినిమా కథంతా దెయ్యం పట్టిన పాప గురించి. పోస్టర్‌లో ఆ పాప లేదు. మంచం లేదు, రక్తం లేదు. రాత్రి పూట వీధిలైటు కింద టోపీ పెట్టుకుని, చేతిలో బ్యాగు పట్టుకుని ఒక పెద్దాయన ఇంటి ముందు నిలబడి ఉంటాడు. అంతే. మన ఊళ్లో ఆఖరి బస్సు దిగిన మాస్టారు కూడా అలాగే నిలబడతారు. మరి అది చూస్తే ఎందుకు అంత ఇబ్బందిగా ఉంటుంది?

వెలుతురు ఎటు నుంచి వస్తోందో చూడండి. మేడ మీద కిటికీలోంచి వచ్చి మనిషి మీద పడుతోంది. మనకి పుట్టినప్పటి నుంచీ ఉన్న నమ్మకం ఏమిటంటే, దీపం ఉన్న చోట మనుషులుంటారు, దీపం ఉంటే ధైర్యం. రాత్రి పుంతలో నడుస్తూ దూరంగా ఎవరింట్లోనో లైటు కనిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది కదా. ఆ పోస్టర్‌లో మనిషి చీకట్లో ఉన్నాడు, ప్రమాదం వెలుతురులో ఉంది. ఆయన దాని వైపు వెళ్లాలి. ముఖం కనిపించదు, మనిషి ఒట్టి నీడబొమ్మ, కాబట్టి ఆ చోట మనల్ని మనమే పెట్టుకుంటాం. ఆ దృశ్యానికి ప్రేరణ మాగ్రిట్ అనే బెల్జియం చిత్రకారుడి బొమ్మలు. వాటిలో పైన పట్టపగటి ఆకాశం ఉంటుంది, కింద ఇంటి ముందు రాత్రి, వీధిదీపం. విడివిడిగా చూస్తే రెండూ మామూలే. కలిపితే ఎక్కడో తేడా కొడుతుంది.

ఇంకొకటి 1968 నాటి "రోజ్‌మేరీస్ బేబీ". పడుకున్న ఆడమనిషి ముఖం, పక్క నుంచి, మొత్తం ఆకుపచ్చ రంగులో. దాని మీద రాళ్ల గుట్ట అంచున పసిపిల్లల తోపుడుబండి నల్లటి నీడగా. తోపుడుబండిలో భయపడాల్సింది ఏముంది? ఏమీ లేదు. కానీ అది ఉండాల్సిన చోటు అది కాదు, పక్కన తల్లి లేదు. వస్తువు మామూలుది, చోటు తప్పు. దెయ్యాల పోస్టర్లలో నాకు తెలిసిన గట్టి సూత్రం ఇదే.

మీ పోస్టర్‌లో మామూలు వస్తువు ఒక్కటీ లేదు. అన్నీ దెయ్యాల కొట్లో కొన్నవే. అందుకే తేడా తెలియలేదు. అంతా తేడాగా ఉంటే తేడా ఎక్కడ ఉంటుంది?

ఇప్పుడు ఆ తొమ్మిదింటిలో ముఖ్యమైనవి చూద్దాం. తెల్లచీర దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మీ స్నేహితుడు "కామెడీనా?" అని అడిగింది దాన్ని చూసే. ఆయన తప్పేం లేదు. 2013లో "ప్రేమకథా చిత్రమ్" వచ్చిన దగ్గర్నుంచి మన దగ్గర దెయ్యం అంటే సగం నవ్వే. "గీతాంజలి", "రాజు గారి గది", "ఆనందో బ్రహ్మ" వరసగా వచ్చాయి. జుట్టు విరబోసుకున్న ఆడదెయ్యాన్ని చూసి పదేళ్లుగా థియేటర్లో నవ్వుతున్న జనానికి అదే బొమ్మ చూపించి భయపడమంటే ఎలా? పోస్టర్ అనేది భాష లాంటిదండి. మాటకి అర్థం మనం అనుకున్నది కాదు, ఊరు అనుకున్నది. తెల్లచీర అనే మాటకి ఇప్పుడు ఊరు అనుకునే అర్థం వేరు.

ఎరుపు సంగతి కూడా అంతే. రక్తం ఎర్రగా ఉంటుంది నిజమే. కానీ మనకి ఎరుపు అంటే ముందు గుర్తొచ్చేది కుంకుమ, పెళ్లిలో తాంబూలం, అమ్మవారి చీర. మా పాలకొల్లు కోడి రామకృష్ణ గారు 1995లో "అమ్మోరు", 2009లో "అరుంధతి" తీశారు. అలాంటి సినిమాకి ఎరుపు బ్రహ్మాండంగా పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ అమ్ముతున్నది భయం ఒక్కటే కాదు, శక్తి. "అరుంధతి" అంటే జనానికి ముందు కళ్ల ముందు నిలిచేది జేజమ్మ రాజసం. మీ కథలో అమ్మవారు లేదు, ప్రతీకారం లేదు. కాలువ రేవు ఉంది, అమ్మమ్మ మాట ఉంది. మీకు ఎరుపుతో పనేమిటి?

ఎరుపు మీద నాకు ఇంకో పాత కోపం కూడా ఉంది. నేను సొంతంగా చేసిన మొదటి దెయ్యం పోస్టర్ కాగితం నిండా నలుపు, మధ్యలో ముదురు ఎరుపు అక్షరాలు. టేబుల్ మీద చూస్తే అదిరిపోయింది. పంపిణీదారుడు కూడా మెచ్చుకున్నాడు. తెల్లవారుజామున బస్టాండ్ గోడ మీద అతికించారు. సాయంత్రం ఫస్ట్ షో వేళకి నేను మురిసిపోదామని సైకిలేసుకుని వెళ్లాను. టైటిల్ లేదు! గోడ మీద నల్లటి చదరాలు వరసగా ఉన్నాయి, వాటి మూలన సన్నగా వేసిన లేత నీలం అక్షరాలు, అంటే థియేటర్ పేరూ ఆటల వేళలూ, చక్కగా కనిపిస్తున్నాయి. సినిమా పేరు మాత్రం మాయం. పంపిణీదారుడు అన్న మాటలు ఇక్కడ రాయలేను.

రంగు వెలిసిపోయిందనుకున్నాను. పొద్దున వెళ్తే మళ్లీ ఎర్రగా వెలిగిపోతోంది. చాలా ఏళ్ల తర్వాత గానీ కారణం తెలియలేదు. మన కంట్లో పగటి చూపుకి ఒక రకం కణాలు, మసక వెలుతురు చూపుకి ఇంకో రకం. మసకలో పని చేసేవాటికి ఎరుపు దాదాపు కనబడదు, నీలం ఆకుపచ్చల మధ్య రంగు బాగా కనబడుతుంది. 1819లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త పువ్వులు చూసి దీన్ని గమనించాడు, అందుకే ఆయన పేరుతోనే పిలుస్తారు. పుస్తకం అక్కర్లేదు, మీ పెరట్లో మందార చెట్టు ఉంటే సాయంత్రం లైటు వెయ్యకుండా చూడండి. ఆకులు ఇంకా తెలుస్తుంటాయి, పువ్వు నల్లబడిపోతుంది. దెయ్యం సినిమా పోస్టర్‌ని జనం ఎక్కువగా చూడాల్సింది ఆ వేళే కదా, మనమేమో ఆ వేళకి మాయమయ్యే రంగులో పేరు రాస్తాం. ఫోన్ తెర వెలుగుతూ ఉంటుంది కాబట్టి యూట్యూబ్‌లో ఈ బాధ లేదు. కానీ మీరు అమలాపురంలో గోడలకి కూడా వేయిస్తాం అన్నారు, అందుకే చెప్తున్నాను.

ముఖాల గురించి. కుర్రాడు నోరు తెరిచి భయపడుతున్నాడు. వాడు భయపడ్డాక మనకి పనేముంది? భయపడే పని చూసేవాడిది. ఆ పని మీరు వాడి చేతిలోంచి లాగేసుకుని హీరోకి ఇచ్చారు. పెద్ద సినిమాల్లో హీరో తల పెద్దగా లేకపోతే అభిమాన సంఘాల వాళ్లు ఊరుకోరు, వాళ్ల తిప్పలు వాళ్లవి. మీకు అభిమాన సంఘం లేదు కదా. ఆ వరాన్ని వాడుకోండి.

టార్చ్ వెలుగు గడ్డం కింది నుంచి వేశారు. ఇది మంచి ఉపాయమే, ఎందుకు పని చేస్తుందో తెలిస్తే ఇంకా బాగా వాడొచ్చు. సూర్యుడు పైనుంచే వస్తాడు, కాబట్టి ముఖం మీద నీడలు ఎటు పడాలో మన మెదడుకి అలవాటు. కళ్ల గుంటల్లో, ముక్కు కింద, గడ్డం కింద నీడ ఉండాలి. లైటు కిందికి పెడితే ఇవన్నీ తలకిందులవుతాయి. మా చిన్నప్పుడు కరెంటు పోతే లాంతరు నేల మీద పెట్టి అన్నం తినేవాళ్లం. ఎదురుగా కూర్చున్న మా అమ్మ ముఖం ఒక్కోసారి మా అమ్మది కానట్టు ఉండేది. నేను వెంటనే లాంతరు ఎత్తి పీట మీద పెట్టేవాణ్ణి. "ఎందుకురా?" అంటే చెప్పేవాణ్ణి కాదు. అదీ ఈ ఉపాయం బలం. కానీ మీ పోస్టర్‌లో కుర్రాడి మీద లైటు కింది నుంచి, అమ్మాయి మీద ఎదురు నుంచి, అమ్మమ్మ మీద కుడి పక్క నుంచి, చందమామేమో వెనక ఉన్నాడు. వేరువేరు ఫొటోలు తెచ్చి అతికించారని చదువురాని వాడికి కూడా తెలుస్తుంది. ఎలా తెలిసిందో చెప్పలేడు గానీ "ఏదో అతుకు" అంటాడు. ఆ అతుకు కనిపించిన క్షణంలో భయం పోతుంది.

బంగ్లా సంగతి నవ్వుతూనే చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ అమ్మమ్మ గారింటికి పొగగొట్టం ఉందండి. ఏ ఇంగ్లండులోనో తీసిన ఫొటో అది. కోనసీమ జనానికి చూపించే పోస్టర్‌లో అది పెడితే వాళ్ల కన్ను అక్కడే ఆగిపోతుంది. మన పెంకుటిల్లు ఏం తక్కువ? మండువా లోగిలి నడిమధ్య నిలబడి పైకి చూడండి. నాలుగు వైపులా వాలిన పెంకులు, మధ్యలో చదరపు ఆకాశం. ఆ ఒక్క చదరం వెలుగు నేల మీద పడి, చుట్టూ వసారాలన్నీ చీకటి. ప్రపంచంలో ఏ డిజైనరూ కట్టలేని ఫ్రేము మన తాతలు కట్టి పెట్టారు. అయినా మీ కథకి ఇల్లు కూడా అక్కర్లేదు, అక్కడికి వస్తాను.

ఇక అక్షరాలు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన భాషలో పోస్టర్ చేసేవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

నిజం చెప్తున్నాను, మీ టైటిల్‌ని నేను మొదట "మూడో మెటు" అని చదివాను. ఎందుకో చూడండి. మీరు ప్రతి అక్షరం కింద రక్తం చుక్కలు కార్చారు. రక్తం కారే అక్షరాలు ఇంగ్లీషు పోస్టర్ల నుంచి వచ్చాయి. అక్కడ పెద్దక్షరాలన్నీ ఒకే గీత మీద కూర్చుంటాయి, గీత కింద ఏమీ ఉండదు. ఆ ఖాళీలోకి రక్తం కారితే చదవడానికి అడ్డం రాదు. మన అక్షరం కింద మాత్రం ఒత్తులుంటాయి. గీత కింద ఏది ఉన్నా అది మాటలో భాగమే అని మన కన్ను అనుకుంటుంది. "ట్టు" కింద మీరు మూడు చుక్కలు కారిస్తే ట ఒత్తు వాటిలో నాలుగో చుక్క అయిపోయింది. "మూడో"లో డ కింద కారిన చుక్కేమో ఏదో ఒత్తులా ఉంది. తెలుగు అక్షరానికి రక్తం కారిస్తే ముందు చచ్చేది ఒత్తు.

రెండో ఇబ్బంది గుండ్రం. ఇంగ్లీషు అక్షరాలకి కోణాలున్నాయి, మొనలు సాగదీస్తే కత్తుల్లా అయిపోతాయి. మనవి జిలేబీలు. వాటికి ముళ్లు అంటిస్తే భయంకరంగా ఉండవు, పల్లేరుకాయల్లా ఉంటాయి. మీరు వాడిన ఫాంటులో సరిగ్గా అదే జరిగింది. మరి తెలుగులో భయం ఎలా రాయాలి? నేను చూసినంతలో మూడు దార్లున్నాయి. గీత బాగా సన్నం చేసి, అక్షరాల మధ్య దూరం పెంచితే చలి పుడుతుంది. లేదా చదువుకున్న అమ్మమ్మలు ఉత్తరాల్లో రాసే గొలుసుకట్టు చేతిరాత వాడితే ఎవరో చచ్చిపోయినవాళ్లు రాసినట్టు ఉంటుంది. ఇవి రెండూ ఎవరికైనా పనికొస్తాయి. మూడోది ఆ పేరులోనే వెతకడం. "దెయ్యం" అని రాస్తే చివర సున్నా ఉంది, అది నుయ్యి కావచ్చు, కన్ను కావచ్చు. ప్రతి తెలుగు మాటలోనూ ఇలాంటిది ఒకటి దొరుకుతుంది.

మీ పేరులో అయితే వజ్రం దొరికింది, మీరు చూసుకోలేదంతే. "మెట్టు"లో ట కింద ట ఉంది. అక్షరం ఒక మెట్టు దిగింది! టైటిల్‌ని నీటి గీత మీద పెట్టండి. "మూడో మెట్టు" మొత్తం గట్టు మీద, ఆ ఒక్క ట ఒత్తు మాత్రం నీళ్ల లోపల, కొంచెం వణుకుతూ, కొంచెం పచ్చబడి. ఏ రక్తమూ వద్దు. కథంతా ఆ ఒత్తులో ఉంది.

ప్రింటు గురించి గబగబా చెప్పేస్తాను. మీ నలుపులో అయిదారు రకాల నలుపులున్నాయి, ఫోన్‌లో తేడా తెలుస్తోంది. ఫ్లెక్సీ మీద అన్నీ కలిసి ఒకటే నలుపవుతాయి, తాటిచెట్టూ గుడ్లగూబా కూడా అందులో కలిసిపోతాయి. అలాగే ఒట్టి నల్ల ఇంకు ఒక్కటే వేస్తే బూడిదగా వస్తుంది, మిగతా మూడు రంగులు కూడా కొంత కలపమని ప్రెస్సు వాళ్లకి చెప్పాలి. కాగితం పోస్టర్ అయితే ఇంకో తిప్పలు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపి ఉడకబెట్టి, చీపురుకట్టతో కాగితం మీద కూడా పూస్తారు. ఆరాక ఆ జిగురు చారలు లేత రంగు కాగితం మీద తెలియవు, నలుపు మీద మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా తేలతాయి. పాతికేళ్ల కింద నాకెవరూ చెప్పలేదు. మొత్తం నలుపు నింపిన పోస్టర్ అంటే గోడ మీద మొత్తం చారలే.

సరే, తీసెయ్యమని చెప్పడం తేలిక. నేనైతే ఏం చేస్తానో చెప్తాను. నచ్చితే తీసుకోండి.

రాత్రి వద్దు. తెల్లవారుజామున ఎండ రాకముందు, మంచు ఇంకా తేలిపోతున్న వేళ. మీ ఊరి రేవు. కెమెరా గట్టు మీద, కాస్త ఎత్తు నుంచి, మెట్లూ కాలువా కనబడేలా. కాలువ నిండా గుర్రపుడెక్క, అక్కడక్కడ ఆ లేత ఊదా పువ్వులు. అవతలి గట్టున కొబ్బరిచెట్లు మంచులో సగం మాసి ఉండాలి. మెట్టు మీద ఇత్తడి చెంబు, సగం పిండి వదిలేసిన చీర. బండి మీద వెళ్లేవాడికి ఇది క్యాలెండర్ బొమ్మ. "బాగుందే, మన కోనసీమ" అనుకుంటాడు. అనుకోనివ్వండి.

టీ గ్లాసు పట్టుకున్నవాడు రెండోసారి చూస్తాడు. గుర్రపుడెక్క ఒక చోట చీలి ఉంది. కాలువ నడిమధ్య నుంచి రేవు దాకా, ఒక్క మనిషి పట్టేంత వెడల్పున నల్లటి నీటి దారి. పడవ వస్తే ఇంకా వెడల్పుగా చీలుతుంది, చేప అయితే అసలు చీలదు. ఆ దారి చివర మెట్ల మీద తడి పాదాల గుర్తులు. అన్నీ పైకి వస్తున్నవే. దిగినవి లేవు. కింది మెట్ల మీద నీళ్లు కారేంత తడి, పైకి వచ్చే కొద్దీ ఆరుతూ, పోస్టర్ కింది అంచు దగ్గర ఆఖరి పాదం సగమే ఉంటుంది. మిగతా సగం ఫ్రేము బయట, అంటే చూసేవాడు నిలబడ్డ చోట.

మనిషి లేడు, చెయ్యి లేదు, పుర్రె లేదు. భయపడాల్సిన వస్తువు ఒక్కటీ లేదు కాబట్టి మీ స్నేహితులు నవ్వడానికి కూడా ఏమీ దొరకదు. పైగా మొత్తం ఆకుపచ్చా బూడిదా కాబట్టి మసక వేళ గోడ మీద కూడా నిలబడుతుంది. ఆ లేత నేపథ్యం మీద టైటిల్‌ని ముదురు రంగులో రాయొచ్చు, జిగురు చారలు కూడా కనిపించవు.

"జనానికి అర్థం కాకపోతే?" అని మీరు అడుగుతారు, నాకు తెలుసు. నిర్మాతలందరూ అడుగుతారు. దానికి పేరు ఉంది కదా. "మూడో మెట్టు" అని చదివాక ఎవరైనా చేసే మొదటి పని మెట్లు లెక్కపెట్టడం. ఒకటి, రెండు, మూడు. అప్పుడు కన్ను పాదాల మీద పడుతుంది. పోస్టర్‌లో చూసేవాడికి ఒక చిన్న పని ఇస్తే వాడు ఆగుతాడు. బొమ్మ, పేరు ఒకే మాట రెండుసార్లు చెప్పకూడదు. ఒకటి ప్రశ్న, ఒకటి దారి.

ఇంకో సందేహం కూడా మీకు రావచ్చు. సినిమాలో అచ్చం ఇలాంటి షాట్ లేదు కదా అని. అక్కర్లేదు. 1979 నాటి "ఏలియన్" పోస్టర్ మీద పగులుతున్న గుడ్డు, అందులోంచి పచ్చటి వెలుగు, చూసే ఉంటారు. సినిమాలో ఉన్న గుడ్లు అలా ఉండవు. ఎవరూ టికెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. సినిమాలోని భయం పోస్టర్‌లో ఉంటే చాలు, సినిమాలోని షాటే ఉండాలని లేదు.

ఫొటో తీసేటప్పుడు రెండు మూడు జాగ్రత్తలు. పాదాల గుర్తులు సిమెంటు మెట్ల మీద నిమిషాల్లో ఆరిపోతాయి. నీళ్లలో కొంచెం గ్లిజరిన్ కలిపి అడుగులు వేయిస్తే ఎక్కువసేపు నిలబడతాయి. అడుగులు వేసేవాళ్లని మామూలుగా నడవమనకండి, మనిషి మెట్లెక్కితే ముందు మునివేళ్ల మీద బరువు పడుతుంది. మడమ లోతుగా, వేళ్లు తేలిగ్గా పడితే చూసేవాడికి ఎందుకో తెలియకుండానే తేడా కొడుతుంది. పాదాలు చిన్నవి కావాలి, ఆడవాళ్లవి. గుర్రపుడెక్కలో దారి ఫొటోషాప్‌లో కొయ్యొద్దు, అతుకు మళ్లీ కనిపిస్తుంది. ఒక పొడుగాటి వెదురుకర్రతో నిజంగానే జరపండి, మొక్కలు పక్కలకి ఒరిగి పడతాయి, ఆ ఒరగడమే ముఖ్యం.

నాచు పట్టిన మెట్లు జారతాయి, కెమెరా పట్టుకున్నవాడి వెనక ఒకరు నడుం పట్టుకుని ఉండాలి. వేసవిలో కాలువలు కట్టేస్తే రేవు కింద బురదే మిగులుతుంది, ఆలోపే తీసేయండి. చెంబు మాత్రం ఇత్తడిదే పెట్టండి, స్టీలుది మెరిసి కన్ను అక్కడికే లాగేస్తుంది. ఫొటో వచ్చాక ఇక్కడే పెట్టండి, టైటిల్‌కి ఆ ట ఒత్తు నేనే గీసి పంపిస్తాను.